సరిపడ్డ చైను

చింతమొద్దు మీద సుద్దగీత గీసింది గౌరయ్యే. అందులో అబద్ధమేమీ లేదు. కానీ గీత గీసిన తరువాత, పాత అలవాటు చొప్పున గొడ్డలి వెనకవైపుతో మొద్దును అక్కడా ఇక్కడా తట్టి, బెరడు లేచిపోయిన చోట నల్లగా దిగిన మరకను బొటనవేలితో రుద్ది చూసి, "ఆగు తమ్మీ. లోపట ఇనుము ఉన్నట్టున్నది. గీత జానెడు ఇవతలికి జరుపుత" అన్నవాడు కూడా గౌరయ్యే. ఆ మాట విన్నది ఈదయ్య ఒక్కడు.

"అది చింతపసరు మరకనే అన్నా" అన్నాడు ఈదయ్య. "జానెడు జరిపితే దూలం పొట్టిగయితది. బయట లారీ నిలవడ్డది. సేటు రెండుసార్లు తొంగి సూసిండు. జర పక్కకు జరుగు."

అని పెట్రోలు రంపం తాడు గుంజాడు. రెండో గుంజుకే అది అందుకుంది. పొడుగాటి ఇనుప నాలుక లాంటి బారు, దాని అంచు చుట్టూ పరుగెత్తే పండ్ల చైను చింతమొద్దులోకి దిగాయి. ఎర్రటి పొట్టు ఈదయ్య మోకాళ్ల మీద పడింది. మూడోవంతు దిగేసరికి లోపల ఏదో కీచుమంది. ఆపాలనుకునేలోపే చైను పుటుక్కున తెగి గౌరయ్య కాలి పక్కనుంచి విసురుగా పోయి గోడకు కొట్టుకుంది. మిషను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బారును బయటికి పీకి చూస్తే కొస వంగి ఉంది, చైను నడిచే గాడి విచ్చుకుపోయింది. మొద్దులో, ఎప్పటివాళ్లు ఏ బర్రెను కట్టేయడానికి దిగగొట్టారో, బొటనవేలంత కొక్కెం తెగినచోట తళతళలాడుతోంది.

బద్రీనాథ్ సేటు గల్లా దగ్గరినుంచి లేచి వచ్చాడు. సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీది ఆ కట్టెల డిపో ఆయనదే. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు, తగ్గించే మనిషి. వంగి కొక్కేన్ని చూశాడు, బారును చూశాడు, లేచి నిలబడి మెల్లగా అడిగాడు.

"గీత ఎవరు గీసిండ్రు?"

గుంతకోత తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గుంత మీద మొద్దును పరిచి, ఒకడు పైన నిలబడి, ఒకడు గుంతలోకి దిగి, నిలువు రంపాన్ని చెరో కొసా పట్టుకుని పలకలు కోసేటప్పుడు గీత పైవాడికే కనిపిస్తుంది. కిందివాడికి కనిపించేది పొట్టు ఒక్కటే. కోత వంకర పోతే తప్పు పైవాడిదే. పైవాడు మారుమాట లేకుండా ఒప్పుకోవాలి. అది కట్టుబాటు. ఆ కట్టుబాటుకు ఇంకో సగం కూడా ఉంది. పైవాడు ఒప్పుకోగానే కిందివాడు గుంతలోంచి ఎక్కి వచ్చి, అతని పక్కన నిలబడి, "గుంజింది నేను" అనాలి. ఇరవై రెండేళ్లు గౌరయ్య పైన, ఈదయ్య కింద కోశారు. గౌరయ్య "గీత నాదే" అన్న ప్రతిసారీ ఈదయ్య ఒంటినిండా పొట్టుతో పైకి వచ్చి "గుంజింది నేను" అన్నాడు. అట్లా ఎన్ని తిట్లు ఇద్దరూ సగం సగం పంచుకున్నారో లెక్కలేదు.

"నేనే సేటూ" అన్నాడు గౌరయ్య. అని, పక్కన మనిషికి చోటు ఇచ్చినట్టు ఒక అడుగు జరిగి నిలబడ్డాడు.

ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఈదయ్య వంగిన బారును రెండు చేతులా పట్టుకుని దాన్నే చూస్తూ ఉన్నాడు. పలకలు కోయడానికి కరెంటు కోత మిషను వచ్చిన ఏడాది మూడు జోడీలను సేటు పంపేశాడు. గుంతను రంపపు పొట్టుతో పూడ్చాడు. సాగర్ ఎడమ కాలువ పనుల్లో, మొద్దులు తుంచే ఈ పెట్రోలు రంపాన్ని పట్టడం నేర్చుకున్న ఈదయ్య ఒక్కడు మిగిలాడు. గౌరయ్య లేనిదే నా చేయి ఆడదని సేటును బతిమాలి అతన్నీ ఉంచుకున్నాడు. ఇప్పుడు ఒక్కమాట అంటే మిషనే చేతిలోంచి పోతుందన్న భయం అతన్ని ఉన్నచోటే నిలిపేసింది. భయమే. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

"ఇగ నువ్వు రాకు గౌరయ్యా" అన్నాడు సేటు. "శనారం లోపట మిషన్ నడిస్తే అప్పుడు సూద్దాం."

గౌరయ్య తువాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. గొడ్డలిని గోడకు ఆనించాడు, అది డిపోదే. పోతూ పోతూ ఈదయ్య వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఏదో మరిచిపోయినవాణ్ని చూసినట్టు చూశాడంతే.

అది సోమవారం.

మనిషికి సిగ్గుకన్న ముందు ఉపాయం తోస్తుంది. రాత్రి కూడు ముందు కూర్చుని ఈదయ్య తనకు తానే ఒక దారి చూపించుకున్నాడు. శనివారంలోగా సరైన చైను, బారు దొరికితే మిషను నడుస్తుంది. మిషను నడిస్తే గౌరయ్య తిరిగి పనిలోకి వస్తాడు. అప్పుడు ఎవరి ముందూ నోరు విప్పాల్సిన పనే లేదు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు పెద్దలు. డిపోలో పోగొట్టుకున్నదాన్ని ఊరూరా వెతకడానికి బయలుదేరాడు ఈదయ్య.

భార్య యాదమ్మ అడిగింది, "గౌరయ్య బావను ఎందుకు పంపిండ్రు?"

"మిషన్ చెడ్డది. మంచిగ కాంగనే వస్తడు."

"మిషన్ చెడితే మనిషిని పంపుతరా?"

ఈదయ్య చేయి కడుక్కుని లేచాడు.

మంగళవారం సూర్యాపేట అంతా తిరిగాడు. లారీ సామాన్ల దుకాణాలు, మోటార్ల దుకాణాలు, చివరికి సైకిల్ షాపులు. రంపానికి చైనేమిటని సైకిల్ షాపువాడు నవ్వాడు. ఒకాయన చెరుకు గానుగ చైను తెచ్చి ముందు పడేసి, దీనికి పండ్లు వెల్డింగ్ చేసుకోరాదా అని సలహా ఇచ్చాడు. కంపెనీ పేరు చెప్పు తెప్పిస్తా అన్నాడు ఇంకొకాయన. పేరు ఎక్కడుంది? కాలువ పనులకు ఏ దేశం నుంచి వచ్చిందో, ఎందరి చేతులు మారిందో, రేకు మీది అక్షరాలు పదేళ్ల కిందే అరిగిపోయాయి. మిషను వయసును బట్టి చూస్తే దాన్ని చేసినవాళ్లకే దాని సంగతి గుర్తుందో లేదో.

సాయంత్రం ఒక మెకానిక్ కోదాడ పొమ్మన్నాడు. కాలువ కంట్రాక్టరు ఒకాయన పోతూ పోతూ సామానంతా అక్కడ ఒక దుకాణంలో అమ్మిపోయాడట.

బుధవారం తెల్లవారి మొదటి బస్సుకు పోయాడు. పోయే ముందు తెగిన చైనును డిపోలో నేల మీద పొడుగ్గా పరిచి, దారంతో పొడుగు కొలిచి ముడి వేసుకున్నాడు. పండ్లు లెక్కపెట్టాడు. ముప్పై. చైనును మాత్రం వెంట తీసుకుపోలేదు. కోతవాళ్లలో ఒక నమ్మకం ఉంది. కొత్త రంపం కొనబోయేటప్పుడు పాత రంపాన్ని వెంట తీసుకుపోరు. చచ్చినదాన్ని చూపించి బతికినదాన్ని అడగకూడదంటారు. రంపాన్ని పొడుగు చెప్పి, పండ్లు చెప్పి అడుగుతారు. తాత నాటినుంచీ అంతే. ఏ రంపమూ తప్పు రాలేదు.

కోదాడ దుకాణదారు కృష్ణా నది అవతలినుంచి వచ్చి స్థిరపడినవాడు. మర్యాదగా స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"ఏ మోడలండీ మీది?"

"మోడల్ ఎరుకలే సారూ. గీ దారమంత పొడుగు, ముప్పై పండ్లు."

"ముప్పై పళ్లా? ఉండండి చూద్దాం."

గ్రీజు కాగితంలో చుట్టిన చైను ఒకటి అటక మీదినుంచి దించాడు. కొత్తది. ఈదయ్య దారం పెట్టాడు. సరిగ్గా దారమంత. పండ్లు లెక్కపెట్టాడు. ముప్పై. మళ్లీ లెక్కపెట్టాడు. డబ్బు తీశాడు.

"పాత చైను పక్కన పెట్టి చూసుకుంటే మంచిది కదండీ" అన్నాడు దుకాణదారు. "మళ్లీ వెనక్కి తీసుకోను మరి."

"అక్కెరలేదు సారూ. గిదే."

బారు మాత్రం లేదన్నాడు. వంగిన బారును సుత్తితో సాపు చేసి, విచ్చుకున్న గాడిని దగ్గరికి కొట్టుకోవచ్చు అనుకున్నాడు ఈదయ్య. బస్సులో చైను పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గౌరయ్య ఇంటికి పోయి ఏమనాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. "పా అన్నా, పనికి పోదాం" అంతే. అంతకన్న ఒక్కమాట ఎక్కువ అవసరం లేకుండా ఎంత బాగుంది.

డిపోకు తిరిగి వచ్చి, పొద్దు వాలేదాకా పట్టెడ మీద బారును కొట్టి సాపు చేశాడు. చైను ఎక్కించాడు. సేటు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మొద్దులు దొర్లించే హమాలీ కిష్ట్యా కూడా పని ఆపి చూస్తున్నాడు. ఈదయ్య తాడు గుంజాడు.

మిషను అందుకుంది. చైను అందుకోలేదు. మిషను పొట్టలోని పండ్ల చక్రం మీద చైను టకటకా ఎగిరింది, రెండు చుట్లు ఈడ్చుకుంటూ తిరిగి గాడిలోంచి బయటికి దూకింది. ఆపి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ దూకింది. మూడోసారి చక్రం పన్ను ఒకటి చిట్లి రాలింది.

"ఉన్న చక్రం గూడ ఖతం చేస్తవా ఏంది?" అన్నాడు సేటు మెల్లగా. అని లోపలికి పోయాడు.

అప్పుడే అంజమ్మ గంప పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఆమె గౌరయ్య భార్య. పనివాళ్ల ఆడవాళ్లు సాయంత్రం డిపోకు వచ్చి రాలిన బెరడు చెక్కలు పొయ్యిలోకి ఏరుకుపోతారు. ఎవరూ ఇచ్చిన హక్కు కాదు, ఎవరూ కాదన్నదీ లేదు. గేటు కాడ కూర్చునే గుమస్తా తల ఎత్తకుండానే, "నీ మొగడు పనిలో లేడు గదమ్మా" అన్నాడు. అంజమ్మ అడుగు వెనక్కి వేసింది. ఈదయ్యను చూసింది. ఏమైనా అంటాడేమోనని కాదు, కనబడ్డాడు కాబట్టి చూసింది.

"దొరికిందా మరిదీ?" అని గేటు అవతలినుంచే అడిగింది.

"ఇంక లేదు వదినె. దొరుకుతది."

"మీ అన్న నిమ్మలంగనే ఉన్నడు. ఈదయ్య తిరుగుతున్నడు గద, ఊకె దొరుకుతదంటున్నడు" అని ఖాళీ గంప చంకన పెట్టుకుని పోయింది.

నూనె చేతులతో అక్కడే కూలబడ్డాడు ఈదయ్య. నాలుగు బెరడు చెక్కలు తీసి ఆమె గంపలో వేయడానికి కూడా తనకు నోరు, చేయి రాలేదు. ఇంతకన్న నీచం ఏముంటుందని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకోవడం తేలిక. అది ఎవరికీ వినబడదు.

గురువారం మిర్యాలగూడకు పోయాడు. ఈసారి నమ్మకాన్ని గట్టున పెట్టి బారు, రెండు చైన్లు, పన్ను చిట్లిన చక్రం అన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. కాలువ నీళ్లు పారిన నాలుగో సంవత్సరం అది. దారి పొడుగునా వరిచేలు, ఊరి మొదట్లో కొత్త రైసు మిల్లులు. పాత ఇనుము ఎక్కడ ఉంటుందని అడిగితే అందరూ దుర్గయ్య దగ్గరికి పొమ్మన్నారు. దుర్గయ్య ఒక మిల్లులో మెకానిక్. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, మాటకు మాత్రం కొదవ లేదు.

సంచి కుమ్మరించగానే కోదాడ చైనును ఎత్తి చూసి అడిగాడు.

"దీన్ని ఏం సూసి తెచ్చినవే?"

"పండ్లు లెక్కవెట్టిన."

"ఎద్దును కొనేటప్పుడు పండ్లు సూస్తరు. దున్నేది కాళ్లతోని గద." నవ్వుతూనే చైనును తిరగేశాడు. పండ్లకు అడుగున, బారు గాడిలో దిగి నడిచే చిన్న చిన్న ఇనుప ముక్కలను గోటితో చూపించాడు. "గివీ దీని కాళ్లు. కాలుకు కాలుకు నడుమ ఎడం ఎంతో సూడు. మీ పాతదానికి అంగుళం. దీనికి అంగుళం లేదు. చక్రం పండ్ల నడుమ గీ కాళ్లు ఎట్ల కూసుంటయి? ఇగ కాలి మందం సూడాలె, గాడిల ఇరుకుగ పోవద్దు, వదులుగ ఊగొద్దు. అటెన్క కాళ్లు ఎన్నో లెక్కవెట్టాలె. ఎడం, మందం, లెక్క. మూడు కుదిరితేనే చైను. పండ్లదేముంది, ఎవరైన పెట్టుకోవచ్చు."

ఈదయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు. దుర్గయ్య మిల్లు వెనక రేకుల కిందికి తీసుకుపోయాడు. పాత పంపులు, బెల్టు చక్రాలు, తుప్పు పట్టిన పారలు. వాటి కింద గోనెపట్ట చుట్టి పడి ఉంది ఒక పెట్రోలు రంపం. అదే రంగు, అదే పొడుగు. ఇంజను పగిలి సగమే ఉంది. బారు మీద మాత్రం ఎవరో గ్రీజు మందంగా పూసి ఉంచారు.

దుర్గయ్య మూడూ కొలిచాడు. ఎడం అంగుళం. మందం గాడిలో సరిగ్గా దిగింది. కాళ్లు అరవై. పాతదానివీ అరవై. బారు వెనక బోల్టు దిగే సందు, నూనె కారే రంధ్రం పాత బారు మీద పెట్టి చూశాడు. గీతంత తేడా కూడా రాలేదు. చక్రం కూడా అందులోంచే విప్పి ఇచ్చాడు.

"తీస్కపో. గని నాకో పని చేసి పోవాలె. జల్లెడ చట్రం ఇరిగింది. రెండు పలకలు కావాలె. ఈడ కోత మిషన్‌కు కరెంటు లేక మూడు దినాలాయె. ఎనక పాత గుంత ఉన్నది, రంపం ఉన్నది. నువ్వు గుంతకోతోనివే గద, సేతులు సూస్తె తెలుస్తలేదా."

పైకి సక్రు అనే హమాలీని ఎక్కించారు. బలమైనవాడు, కోత ఎరుగనివాడు. ఈదయ్య గుంతలోకి దిగి తలకు తువాలు చుట్టుకుని రంపం కింది పిడి పట్టుకున్నాడు. ఏడేళ్లయింది గుంతలో దిగి. మొదటి గుంజుకే పొట్టు కళ్లలో పడింది. పైన గౌరయ్య ఉన్నప్పుడు గుంజేదెప్పుడో వదిలేదెప్పుడో ఎవరూ ఎవరికీ చెప్పే పని ఉండేది కాదు. గౌరయ్య ఊపిరి మార్చగానే కింద చేయి తెలుసుకునేది. సక్రు ఊపిరి మార్చడు, బుసకొడతాడు. లాగాల్సినప్పుడు నొక్కుతాడు. సగం పలక దిగేసరికి కోత పాములా వంకర తిరిగింది.

దుర్గయ్య వచ్చి చూశాడు. "ఏందిరా సక్రూ, కండ్లు ఏడవెట్టినవ్?"

సక్రు రంపం వదిలి బిక్కమొహం వేశాడు. ఈదయ్య గుంతలోంచి ఎక్కి వచ్చి, ఒంటి మీది పొట్టు కూడా దులుపుకోకుండా వాడి పక్కన నిలబడ్డాడు.

"గుంజింది నేను" అన్నాడు. "తప్పు నాదే. ఇంకోటి కోసిస్త."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. పొద్దున్నే పరిచయమైన మనిషి కోసం, పోయేదేమీ లేని చోట, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది. దుర్గయ్య ఏదో అంటున్నాడు, సక్రు నవ్వుతున్నాడు. ఈదయ్యకు వినపడలేదు. కళ్లలో పొట్టు పడిందని చెప్పి కుండ దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. అక్కడే నిశ్చయించుకున్నాడు. చైను దొరికినా సరే, సేటుకు చెప్పేయాలి. గౌరయ్య ఆపమన్నాడు, తానే కోశానని చెప్పాలి.

శుక్రవారం పొద్దున డిపోలో బారు బిగించాడు. దాని సందు, ఒత్తకుండానే బోల్టు మీద వచ్చి కూర్చుంది. చక్రం ఎక్కించాడు. చైను కాళ్లు ఒక్కొక్కటి చక్రం పండ్ల నడుమ దిగాయి. కిష్ట్యా పక్కన కూర్చుని చూస్తుంటే, దుర్గయ్య చెప్పిందంతా వాడికి చెప్పాడు. ఎడం ఎట్లా చూడాలో, మందం ఎట్లా చూడాలో, కాళ్లు ఎట్లా లెక్కపెట్టాలో. చైను మరీ బిగించకుండా, వేలితో ఎత్తితే కొంచెం లేచేటట్టు వదలాలని చూపించాడు. కిష్ట్యాతోనే బిగింపు మర కూడా తిప్పించాడు. తెలిసిన సంగతి నలుగురికి చెప్పాలన్న సంబరం అతనిది. తాడు కూడా ఒకసారి వాణ్నే గుంజమన్నాడు.

చింతమొద్దును ఆ కొక్కేనికి జానెడు ఇవతల కోశాడు. వెన్నలో కత్తిలా దిగింది. పొట్టు సన్నగా కాకుండా బియ్యపు గింజంత గింజలుగా పడింది. సరైన చైనుకు అదే గుర్తు. సేటు ఆ పొట్టును చేతిలోకి తీసుకుని, నలిపి చూసి, తల ఊపాడు.

మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఈదయ్య గల్లా ముందుకు పోయి నిలబడ్డాడు.

"సేటూ, ఒక మాట. ఆ దినం గౌరయ్యన్న ఆగుమన్నడు. ఇనుమున్నదని చెప్పిండు. గీత జరుపుతనన్నడు. నేనే ఇనలే. తప్పు నాది."

చెప్పేశాడు. ఛాతీలో బరువు దిగినట్టయింది. ఇప్పుడు తిట్టనీ, పొమ్మననీ.

బద్రీనాథ్ సేటు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎరికె" అన్నాడు. "పుట్టినకాన్నుంచి కట్టెల నడుమనే ఉన్న. ఆ మరక నాకు కనవడదా? గౌరయ్య మరక సూడకుంట కోయనిస్తడా?"

ఈదయ్య బల్ల దగ్గరికి జరిగాడు. "మరి అన్నను..."

"సూడు ఈదయ్యా. మిషన్‌కు ఒక్క మనిషి సాలు. మొద్దు దొర్లించనీకి హమాలీలు ఉన్నరు. ఏడాదిసంది మీ ఇద్దర్ల ఒకణ్ని తియ్యాలనే సూస్తున్న. తియ్యనీకి వీలు కాలె. మీరు జోడీ. ఒకణ్ని అంటే ఇద్దరు నిలవడుతరు. ఇద్దరు పోతే మిషన్ పట్టేటోడు లేకపాయె." గొంతు ఇంకా తగ్గింది. అందులో ఎకసెక్కం కూడా లేదు. "ఆ దినం నువ్వు గూడ పోయి వాని పక్కన నిలవడితె నేనేం చేస్తుంటి? తిట్టి ఊకుంటుంటి. నువ్వు నిలవడలే. నాకు తొవ్వ దొరికింది."

"సేటూ, అన్న లేకుంటె నేను..." అని మొదలుపెట్టాడు ఈదయ్య.

సేటు బయటికి చూశాడు. వాకిట్లో కిష్ట్యా మిషను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో చైనును ఎత్తి బిగువు చూస్తున్నాడు. ఈదయ్య కూడా అటే చూశాడు. తాడు గుంజడం కూడా వాడికి పొద్దున తానే నేర్పాడు. మొదలుపెట్టిన మాటను ఈదయ్య పూర్తి చేయలేదు.

"మంచి చైను తెచ్చినవ్" అన్నాడు సేటు కళ్లద్దాలు పెట్టుకుంటూ. "పో, లారీ వచ్చే యాల్లయింది."

సాయంత్రం దాకా కోశాడు. మిషను ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఎప్పుడైనా మొరాయిస్తే బాగుండునని ఆ పూట చాలాసార్లు అనుకున్నాడు.

పొద్దుగూకే వేళకు గౌరయ్య ఇంటికి పోయాడు. నాలుగు రోజులుగా తప్పించుకు తిరిగిన గల్లీ అది. గౌరయ్య వాకిట్లో మంచానికి నులక అల్లుతున్నాడు. ఈదయ్యను చూడగానే కాలితో తొక్కిపట్టిన నులకను వదలకుండానే నవ్వాడు.

"దొరికిందట గద. నీ మిషన్ సప్పుడు గీడిదాక ఇనవడ్డది. ఇగ ఈదయ్య కొట్టిండ్రా అనుకున్న."

"దొరికింది అన్నా. మిర్యాలగూడెంల."

"బారు సుత?"

"బారు సుత."

"మంచిగ కోస్తున్నదా?"

"మంచిగనే."

అంజమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "నాలుగు దినాలసంది గీ మనిషి ఇల్లు కదలలే మరిదీ" అన్నది. "వేరే డిపోల అడుగరాదంటె ఇనడు. ఈదయ్య నాకోసం ఊర్లు తిరుగుతుంటె నేను ఇంకోని కాడికి పోతనా అంటడు. మొన్న తుంగతుర్తి నుంచి మనిషి గూడ వచ్చిపాయె. అక్కడ గుంతకోత ఉన్నదట. రానన్నడు. వాళ్లు ఇంకోణ్ని పెట్టుకున్నరు."

ఈదయ్య నీళ్ల చెంబు నోటి దాకా తెచ్చి ఆపాడు.

"అదంత ఎందుకే ఇప్పుడు" అని గౌరయ్య భార్యను కసిరి, నులక కొస ముడి వేసి, చేతులు దులుపుకుని మంచం పట్టె మీద కూర్చున్నాడు. అడగడానికి కొంచెం మొహమాటపడ్డాడు. అయినా అడిగాడు.

"సేటు ఏమన్నడు తమ్మీ? రేపు పొద్దుగాల రావాల్నా?"

చెప్పాల్సిన మాట ఈదయ్యకు తెలుసు. ఇందాక సేటు ముందు చెప్పినదానికన్న చిన్నది, నాలుగు ముక్కల్లో అయిపోతుంది. గౌరయ్య మొహంలోకి చూశాడు. ఆ మొహంలో అనుమానం లేదు. అది ఉంటే ఎట్లాగో చెప్పేసేవాడు.

"రేపొద్దన్నా" అన్నాడు. "సేటు ఇంక జర కోపం మీదున్నడు. సోమారం... సోమారం రా. నేను మల్ల మాట్లాడి పెడుత."

"సరే మరి. నువ్వు మాట్లాడుతనన్నంక ఇగ నాకేంది" అన్నాడు గౌరయ్య.

అంజమ్మ మొహం విప్పారింది. చేటలో ఉన్న జొన్నలను ఒకసారి చూసుకుని, సరిపోతాయో లేదో లోలోపల లెక్క వేసుకుని, "అయితే సోమారం నాటికి సద్ది కట్టాల్నా మరిదీ?" అని అడిగింది.

"కట్టు వదినె" అన్నాడు ఈదయ్య.